రిపోర్టు వచ్చాక అమ్మకు ఏం చెప్పాలి?

ప్రశ్న:

అమ్మా, నమస్తే. మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. మా అమ్మకు 56 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ తగులుతోందని తనే చూసుకుంది కానీ చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. గడ్డ 3 సెంటీమీటర్లు ఉందనీ, చంకలో తీసిన 14 గ్రంథుల్లో రెండింటికి పాకిందనీ, ‘గ్రేడ్ 3’ అనీ రిపోర్టులో ఉంది. ఈఆర్, పీఆర్ పాజిటివ్. హెర్‌-2 మాత్రం 2 ప్లస్ వచ్చింది, తేలలేదు, ఫిష్ టెస్టు చేయించాలి అన్నారు. స్కానింగుల్లో ఇంకెక్కడా లేదని చెప్పారు. ఈలోగా మొదటి కీమో ఎక్కించి ఇంటికి పంపారు. ఫిష్ రిపోర్టు పది రోజుల్లో వస్తుందన్నారు. ఇప్పుడు ఫోన్ చేస్తే ‘రిపీట్ చేస్తున్నారు’ అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. గ్రేడ్ 3 అంటే మూడో స్టేజేనా?

రిపోర్టు నా వాట్సాప్‌కే వస్తుంది. వచ్చిన నిమిషంలో తనకు పంపమని డాలస్‌లో ఉన్న తమ్ముడు రోజూ అడుగుతున్నాడు. ‘ఏం వచ్చినా మీ అమ్మకు మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేదు’ అని నాన్న. అమ్మతో మేం ఇంతవరకు క్యాన్సర్ అన్న మాట అనలేదు. చెడ్డ గడ్డ, తీసేశారు, మళ్లీ రాకుండా మందు ఎక్కిస్తున్నారు అని చెప్పాం. నాన్న పడుకున్నాక అమ్మ మెల్లగా నన్ను అడుగుతుంది, ‘ఏమన్నా వచ్చిందా?’ అని. ఇంకా లేదమ్మా అని అటు తిరిగి పడుకుంటున్నాను. వచ్చాక ఏం చెప్పాలి? ముందు ఎవరికి చెప్పాలి?

– ఒక కూతురు, ఖమ్మం జిల్లా

సమాధానం:

తల్లీ, మీ నిద్ర పోగొట్టిన ఆ ‘రిపీట్’ సంగతి ముందు చెప్తాను.

ఫిష్ పరీక్ష కోసం ఆపరేషన్‌లో తీసిన ముక్కలోంచి చాలా పల్చటి పొర కోస్తారు. దాని మీద మెరిసే రంగులు వేస్తారు. ఒక రంగు హెర్‌-2 జన్యువును పట్టుకుంటుంది, రెండోది ఆ జన్యువు ఉండే 17వ క్రోమోజోమును పట్టుకుంటుంది. రంగు పట్టడానికే సాధారణంగా ఒక రాత్రి పడుతుంది. ఆ తర్వాత ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద ఒక్కో కణంలో ఏ రంగు చుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. చుక్కలు మసకగా కనిపించినా, లెక్క అటూ ఇటూ తేలకుండా మధ్యలో ఆగినా, ఇంకో పొర కోసి మళ్లీ మొదటి నుంచి చేస్తారు. తొందరపడి తప్పు రాసివ్వడం కంటే అదే మేలు కదా. చెడ్డ కబురేదో వచ్చింది, దాన్ని చెప్పలేక రిపీట్ అంటున్నారు అని మీరు అనుకుంటున్నట్టున్నారు. ల్యాబుల్లో అలా జరగదు. ఆ మాటకు అర్థం ఫలితం ఇంకా తేలలేదని, అంతే.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఈ పరీక్ష దేనికోసమో మీ ఇంట్లో ఎవరికీ ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు. జబ్బు ఒంట్లో ఇంకెక్కడికైనా పాకిందా అన్నది ఈ పరీక్ష చెప్పదు. అమ్మ బతుకుతుందా లేదా అన్నదీ చెప్పదు. పాకిందా లేదా అన్నదానికి స్కానింగులు చేశారు, లేదని వచ్చింది. ఫిష్ తేల్చేది ఒక్కటే: ఈ క్యాన్సర్ కణాల్లో హెర్‌-2 జన్యువు ఉండాల్సిన దానికంటే ఎక్కువ ప్రతులుగా ఉందా, అంటే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ అమ్మకు పనికొస్తుందా అని.

పాజిటివ్ వస్తే ఆ ఇంజెక్షన్ మూడు వారాలకొకసారి, మామూలుగా ఏడాది పాటు ఇస్తారు. గుండె మీద ప్రభావం చూపొచ్చు కాబట్టి మధ్యమధ్యలో ఎకో, అంటే గుండె స్కానింగు, తీస్తారు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 15 నుంచి 20 హెర్‌-2 పాజిటివ్ ఉంటాయి. ఒకప్పుడు ఆ మాట వింటే డాక్టర్లే దిగులుపడేవారు. 1998లో అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చాక పరిస్థితి మారిపోయింది. మన దేశంలోని కంపెనీలు కూడా 2014 నుంచి దీన్ని తయారు చేసి తక్కువ ధరకు ఇస్తున్నాయి. ఇక నెగెటివ్ వస్తే ఆ ఇంజెక్షన్ అవసరం ఉండదు. ఏది వచ్చినా ఈఆర్, పీఆర్ పాజిటివ్, అంటే హార్మోన్ల ఊతంతో పెరిగే రకం, కాబట్టి హార్మోన్లను అడ్డుకునే బిళ్ల ఎలాగూ ఉంటుంది. రోజుకొకటి, కనీసం ఐదేళ్లు. రెండు జవాబులకూ వైద్యం ఉంది. ఒక దాన్ని మంచి కబురనీ ఇంకో దాన్ని చావు కబురనీ ముందే పేర్లు పెట్టుకుని భయపడకండి.

మొదటి కీమోలో ఇచ్చింది ఎర్ర మందేనా? ఆ తర్వాత ఒకటి రెండు రోజులు అమ్మకు మూత్రం ఎర్రగా వచ్చి ఉంటే అదే. ఆ మందు ఇచ్చే విడతలన్నీ అయ్యాకే, తర్వాతి రకం కీమోతో కలిపి ట్రాస్టుజుమాబ్ మొదలుపెట్టడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. అదే అయితే రిపోర్టు ఇంకో వారం ఆలస్యమైనా అమ్మ వైద్యంలో ఒక్క రోజు కూడా వృథా పోనట్టే. ఈ ఒక్క ప్రశ్న డాక్టరును అడిగి చూడండి, మీ గుండెల మీద భారం సగం దిగుతుంది.

గ్రేడ్ 3 అంటే మూడో స్టేజి కాదు. రిపోర్టు చూసిన ఇళ్లలో పదేపదే జరిగే పొరపాటిది. దీనివల్ల ఎంతమంది అనవసరంగా కుమిలిపోతారో నేను చూశాను. గ్రేడ్ అంటే మైక్రోస్కోపు కింద ఆ కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా ఉన్నాయి, ఎంత వేగంగా విభజన చెందుతున్నాయి అన్న లెక్క. మూడే చివరిది, నాలుగో గ్రేడు ఉండదు. స్టేజి అంటే గడ్డ ఎంత పెద్దది, ఎన్ని గ్రంథులకు పాకింది, దూరంగా ఇంకెక్కడికైనా వెళ్లిందా అన్నది. మీరు రాసిన కొలతల ప్రకారం, 3 సెంటీమీటర్ల గడ్డ, చంకలో రెండు గ్రంథులు, స్కానింగులో ఇంకెక్కడా లేదు అంటే, ఆ లెక్కలో అది రెండో దశ కిందకు వస్తుంది. చివరి మాట మీ డాక్టరుదే. గ్రేడ్ 3 అంటే కణాలు చురుగ్గా ఉన్నాయని అర్థం, కీమో ఇవ్వడానికి అదీ ఒక కారణం. మీ తమ్ముడికి కూడా ఇది చెప్పండి. అక్కడ ఒంటరిగా కూర్చుని ఆయన కూడా ఇదే తప్పు లెక్క వేసుకుంటూ ఉండొచ్చు.

ఇప్పుడు అమ్మ దగ్గరకు వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం అదే, నాన్న పడుకున్నాక అడుగుతుంది అన్నది.

రొమ్ము తీయించుకుని, కీమో వార్డులో తలకు రుమాళ్లు కట్టుకున్న ఆడవాళ్ల పక్కన గంటల తరబడి పడుకుని, వాళ్లతో ‘నీకెన్నోది, నాకిది మూడోది’ అని మాట్లాడుకుని వచ్చిన మనిషికి తన జబ్బేమిటో తెలియదని మీరు నిజంగా నమ్ముతున్నారా? ఆమెకు తెలుసు. పూర్తిగా కాకపోయినా, తెలుసు. నాన్న ముందు అడగడం లేదంటే, తను భయపడుతున్నట్టు ఆయనకు తెలియకూడదని. అమ్మ తట్టుకోలేదని నాన్న దాస్తున్నాడు, నాన్న తట్టుకోలేడని ఆమె దాస్తోంది. మధ్యలో మీరు ఇద్దరి భయాన్నీ ఒక్కరే మోస్తున్నారు. ఆమె మీ దగ్గరకొచ్చి తలుపు తడుతోంది, మీరు అటు తిరిగి పడుకుంటున్నారు. తప్పు పట్టడానికి అనడం లేదమ్మా. ఆ చీకట్లో మీకు ఇంకేం తోచి ఉండదు.

కాబట్టి రిపోర్టు కోసం ఆగకండి. ఆమెతో మాట్లాడాల్సింది అది రాకముందే. ఈ రాత్రి ఆమె అడిగినప్పుడు లేచి కూర్చోండి. చెయ్యి పట్టుకుని ఆమెనే అడగండి: ‘అమ్మా, రిపోర్టు వచ్చాక నీకు మొత్తం వివరంగా చెప్పమంటావా? ముఖ్యమైన సంగతులు చెప్తే చాలా? లేకపోతే అవన్నీ మేం చూసుకుని, ఏ మందు ఎప్పుడన్నది మాత్రం నీకు చెప్పమంటావా?’ ఈ మూడింట్లో ఏది చెప్పినా అది ఆమె ఇష్టం, మూడూ సరైనవే. ‘మీరే చూసుకోండమ్మా, నాకెందుకు’ అంటే బలవంతం చేయొద్దు. నెల పోయాక మళ్లీ ఒకసారి అడగండి, మనసు మారొచ్చు. చాలామంది పెద్దవాళ్లు రెండోదే కోరుకుంటారు.

‘నాకొచ్చింది క్యాన్సరేనా?’ అని సూటిగా అడిగితే సూటిగానే చెప్పండి. ‘అవునమ్మా. గడ్డ తీసేశారు. స్కానింగులో ఇంకెక్కడా కనిపించలేదు. కంటికి కనిపించనివి ఏమైనా మిగిలి ఉంటే వాటికోసం కీమో. ఇంకే మందు కలపాలో తేల్చే పరీక్ష ఒకటి రావాలి.’ ఇంతే, ఇందులో ఒక్క అబద్ధం లేదు. ‘నీకేం కాదు’ అన్న మాట మాత్రం వాడకండి. అది మీ చేతిలో లేదని ఆమెకూ తెలుసు. ఆ తర్వాత ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. వెంటనే నీళ్లు తేవడానికి లేవకండి, కూర్చోండి. ఆమె ఏడవకపోవచ్చు కూడా. ‘నాకు తెలుసులే’ అని మీ తల నిమరొచ్చు.

చెప్పడం మంచిదని నేను పట్టుబట్టడానికి మనసు తేలికవడం ఒక్కటే కారణం కాదు. ఐదేళ్లు రోజూ ఒక బిళ్ల వేసుకోవాల్సిన మనిషి ఆమె. గడ్డ తీసేశారు కదా, ఇంకా ఎందుకీ మందు, ఒళ్లు నొప్పులు వస్తున్నాయి అని ఏడాదికో రెండేళ్లకో మానేసేవాళ్లు ఉంటారు. ఆ బిళ్ల దేనిని ఆపుతోందో తెలిసిన మనిషి మానదు. తెలియనివ్వకుండా పెట్టినంత కాలం ఆ పని కూడా మీరే చేయాలి, ఐదేళ్లూ.

నాన్నకు ఈ సంగతి ముందుగా చెప్పండి, అమ్మ లేనప్పుడు, పొలం దగ్గరో అంగడి దగ్గరో. వాదన పెట్టుకోకండి. ‘నాన్నా, నువ్వు పడుకున్నాక అమ్మ రోజూ నన్ను అడుగుతోంది’ అని ఒక్కమాట చెప్పండి. ఆయనకు ఈ సంగతి తెలియదనే నేననుకుంటున్నాను. తట్టుకోలేదు అని మగవాళ్లు అన్నప్పుడు చాలాసార్లు అది వాళ్ల గుండె గురించి వాళ్లు చెప్పుకునే మాట. ఆయనకు ఒక పని కూడా అప్పగించండి. ఆరోగ్యశ్రీ ఫైలు ఆయన చేతికివ్వండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆ పథకం కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు ఉంది. ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను కలిసి, ఒకవేళ ట్రాస్టుజుమాబ్ రాస్తే అది పథకంలోకి వస్తుందా, రాకపోతే ఏ ఆస్పత్రిలో దొరుకుతుంది, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి మారే వీలుందా అని ఇప్పుడే కనుక్కోమనండి. రిపోర్టు వచ్చాక పరుగెత్తే కంటే ఇది మేలు. ఖమ్మం నుంచి రైల్లో వెళ్తుంటే ఇంకొకటి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్ పూర్తిగా రాయితీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆస్పత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. కీమోలకు చాలాసార్లు తిరగాలి కాబట్టి అది చిన్న డబ్బేం కాదు.

ఇక ఆ వాట్సాప్. ముందు ఎవరికి చెప్పాలి అని అడిగారు. అమ్మకు, ఆమె ఎంత కోరుకుంటే అంత. తమ్ముడికి ఆ తర్వాతే. ఆమె ఒంటి సంగతి ఆమెకంటే ముందు డాలస్‌కు చేరడం, అక్కడి నుంచి పిన్నికీ, పిన్ని నుంచి ఊరికీ రావడం నాకు నచ్చదు. రిపోర్టు రాగానే డాక్టరుకో, వాళ్ల ఓపీలో ఉండే సిస్టరుకో పంపి ఎప్పుడు రమ్మంటారో అడగండి. రాత్రి పూట వస్తే తెల్లారే వరకు తెరవకుండా ఉండగలిగితే ఉండండి. ఉండలేకపోతే తెరిచి చివర్లో ఉన్న ఒక్క లైను చూడండి, పాజిటివ్ అని ఉందా నెగెటివ్ అని ఉందా అని. పైన ఉండే అంకెలూ నిష్పత్తులూ డాక్టరుకు కావాలి గానీ మీకు ఆ రాత్రి అక్కర్లేదు. వాటిని ఇంటర్నెట్‌లో వెతుకుతూ కూర్చోవద్దు. అక్కడ మీ అమ్మ లేదు, ఎవరో వేల మంది సగటు ఉంటుంది.

తమ్ముడి మీద కోపం తెచ్చుకోకండి. దూరంగా ఉన్నవాడికి చేయడానికి ఏమీ లేకపోతే రిపోర్టులు అడగడమే పనవుతుంది. ఈ ఒప్పందం ముందే చెప్పండి: ‘అమ్మకు చెప్పిన గంటలో నీకు చెప్తాను.’ డాక్టరును కలిసే రోజు వీడియో కాల్‌లో ఉండమనండి, అడగాల్సినవి తనే రాసి పెట్టమనండి. రోజూ అమ్మకు ఫోన్ చేసి పిల్లల గురించీ వంట గురించీ మాట్లాడమనండి. జబ్బు ఊసు లేని పది నిమిషాలు ఆమెకు కావాలి.

మీరు రాయలేదు కానీ, కషాయాల సలహాలు ఈపాటికి మొదలై ఉంటాయి. లక్ష్మణఫలం ఆకులు, గోధుమగడ్డి రసం, ఫలానా ఊరి పసరు. కీమో నడుస్తున్నప్పుడు అవేవీ వద్దు. కాలేయానికి ఇప్పటికే బోలెడు పని ఉంది, ఆకు మందులు కీమోతో ఎలా కలుస్తాయో ఇచ్చేవాళ్లకు తెలియదు. పత్యం పేరుతో గుడ్డూ పప్పూ చేపా మాన్పించొద్దు. బాగా ఉడికించినవి, వేడిగా, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. పచ్చివీ, బయట కోసి పెట్టిన పండ్లూ, నిలవ ఉన్నవీ వద్దు. చూడ్డానికి వచ్చేవాళ్లలో దగ్గూ జలుబూ ఉన్నవాళ్లను గుమ్మంలోనే ఆపండి, మొహమాటపడకండి. ఆమె కంచం, గ్లాసు వేరు పెట్టమని ఎవరైనా అంటే మాత్రం గట్టిగా కాదనండి. ఇది అంటుకునే జబ్బు కాదు.

మీ గురించి మీరు ఒక్క లైనే రాసుకున్నారు, నిద్ర లేదని. వారంలో రెండు రాత్రులు అమ్మ దగ్గర ఇంకెవరైనా పడుకునేట్టు చూడండి. పిన్నో, మేనత్తో, అడిగితే కాదనరు. అడగకపోతే వాళ్లకూ తోచదు. మనసు మరీ ఉక్కిరిబిక్కిరి అయినప్పుడు 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

చివరిగా మీరు అడగనిది ఒకటి, నా దృష్టిలో రిపోర్టు కంటే అత్యవసరమైనది. కీమో ఎక్కించాక సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు రక్తంలో ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు వచ్చిందంటే, అది అర్ధరాత్రయినా సరే, జ్వరం బిళ్ల వేసి తెల్లారాక చూద్దామని ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లి ‘కీమో నడుస్తోంది’ అని ముందు ఆ మాటే చెప్పాలి. కొద్ది గంటల ఆలస్యం కూడా ప్రాణం మీదకు తేవచ్చు. హైదరాబాద్ దాకా ఆగలేరు కాబట్టి, ఖమ్మంలో రక్తపరీక్ష చేసి సెలైన్ ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వగల ఆస్పత్రి ఏదో మీ డాక్టరునే అడిగి ఓపీ చీటీ మీద రాయించుకోండి. ఇంట్లో మంచి థర్మామీటర్ ఉందో లేదో చూసుకోండి. ఈ పనికి ఫిష్ రిపోర్టు అక్కర్లేదు, ఈ రోజే చేసేయండి.